గుబురమ్మ చేతుల మంట

అనగనగా దూరాన ఒక కొండ, ఆ కొండ మీద ఒక అడవి. ఆ అడవిలో ఒక ఎలుగుబంటి ఉండేది. ఒళ్ళంతా గుబురు జుట్టే కాబట్టి అందరూ దాన్ని గుబురమ్మ అనేవారు. గుబురమ్మకు లేక లేక ఒక పిల్లాడు పుట్టాడు. పేరు బొద్దు. ఎలుగు పిల్లలు కళ్ళు మూసుకునే పుడతాయి. కొన్నాళ్ళకు గానీ రెప్పలు విచ్చుకోవు.

అక్కడి ఎలుగులకు ఒక ఆచారం ఉంది. రెప్పలు విచ్చుకునే రోజున తల్లి నలుగురినీ పిలిచి, తానే పులుసు వండి పెట్టాలి. తరువాత అందరి ముందూ తన చేత్తో పిల్లాడి కళ్ళు తుడవాలి. ఆ రోజు రానే వచ్చింది. గుబురమ్మకు పొద్దుటినుంచీ ఒకటే దిగులు. పులుసు చప్పగా ఉంటే నలుగురూ ఏమనుకుంటారు? పిల్లాడు కళ్ళు తెరవకపోతే ఎలా? అదే ఆలోచన.

పులుసు ఘుమఘుమలాడాలని బుట్టెడు కొండమిరపకాయలు కోసుకొచ్చింది. గోరంత కాయలే గాని కారం కొండంత. పక్క గుహలో ఉండే ఏదుపంది ముసలమ్మ బుట్టలోకి తొంగి చూసింది.

"అమ్మాయ్, వీటితో జాగ్రత్త. బయట గాలి ఆడేచోట వేయించు. చేతులకు మోదుగాకులు చుట్టుకుని రుబ్బు. పనయ్యాక ఇప్పనూనె రాసుకుని, కుంకుడు నురగతో రుద్ది కడుక్కో. అంతదాకా ఆ చేత్తో కళ్ళు ముట్టుకోకు" అంది.

"అలాగే పిన్నీ" అంది గుబురమ్మ.

ముసలమ్మ అటు వెళ్ళగానే చిలుక పచ్చన్న వచ్చి వాలాడు. బుట్టలో కాయ తీసుకుని కరకరా నమిలేశాడు.

"ఇదేం కారం వదినా? నేను రోజూ తింటాను. ఆకులు చుట్టుకుని రుబ్బుతూ కూర్చుంటే పొద్దుగూకుతుంది. చుట్టాలు బయలుదేరారు కూడా" అన్నాడు.

పచ్చన్న అబద్ధం ఆడలేదు పాపం. చిలుకల నోటికి మిరపకాయ కారం తెలియదు. ఆ సంగతి అతనికీ తెలియదు, గుబురమ్మకూ తెలియదు. చుట్టాల మాట వినగానే గుబురమ్మకు కంగారు పుట్టింది. ముసలమ్మ మాట పక్కన పెట్టి, పచ్చన్న మాటే పట్టుకుంది.

కాయలను గుహలోనే వేయించింది. ఘాటు లేచి గుహంతా కమ్ముకుంది. గుబురమ్మకు దగ్గు ఆగలేదు. మూలన ఆకుల పరుపు మీద పడుకున్న బొద్దు వరసగా తుమ్మాడు. ముసలమ్మ పరుగున వచ్చి, పిల్లాడిని పరుపుతో సహా బయటికి తీసుకుపోయింది. గుబురమ్మ అది చూసింది. అయినా పని ఆపలేదు.

ఉత్త చేతులతోనే రుబ్బింది. ఎలుగు అరచేతి చర్మం మందం కదా, మొదట ఏమీ తెలియలేదు. పులుసు దించేసరికి వేళ్ళ సందుల్లో చురుకు మొదలైంది. కాసేపటికి అది మంటయింది. వాగు దగ్గరికి పరుగెత్తి చేతులు నీళ్ళలో ముంచింది. ఉత్త నీళ్ళకు కారం వదల్లేదు. ఒక చేత్తో రెండో చేతిని తుడిస్తే అది ఇంకా మండింది. నూనె తెచ్చుకుందామా అనుకుంది. అంతలో పచ్చన్న కేక వేశాడు.

"అందరూ వచ్చేశారు వదినా. ఆలస్యం అమృతం విషం. త్వరగా రా."

జింకలు, కుందేళ్ళు, నెమళ్ళు వరసగా కూర్చున్నాయి. ముసలమ్మ బొద్దును తెచ్చి తల్లి ముందు పడుకోబెట్టింది. వాడి రెప్పలు అప్పుడే కొద్దిగా వణుకుతున్నాయి. గుబురమ్మ చేయి చాచింది.

తుడవకపోతే బిడ్డకు అపశకునం అంటారేమో. తుడిస్తే? ఈ మంట ఆ లేత కళ్ళలో పడితే? అందరూ తననే చూస్తున్నారు. గుబురమ్మ పిల్లాడి దాకా వెళ్ళిన చేతిని వెనక్కి తీసుకుని, ఎంత మంటో చూద్దామని ఒక వేలితో తన కంటినే తాకింది.

అంతే. కంట్లో నిప్పు పోసినట్టయింది. గుబురమ్మ కూలబడిపోయింది.

"ఈ చేత్తో నా బిడ్డను ముట్టుకోను" అంది ఏడుస్తూ. "ఎవరేమన్నా అనుకోండి. ఆచారం తప్పితే తప్పనీ. పిన్ని చెప్పిన మాట నేను వినలేదు."

జింకలు దొప్పలతో చల్లని నీళ్ళు తెచ్చి కంట్లో పోస్తూనే ఉన్నాయి. ముసలమ్మ నూనె గిన్నె తీసుకుని వచ్చింది.

"చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది కదమ్మా నీ పని" అంది మెల్లగా. "సరేలే. వాడి కళ్ళు కాలలేదు. అది చాలు."

పచ్చన్న తల దించుకున్నాడు. "నా నోటితో నీ చేతిని కొలిచాను వదినా. తప్పయింది" అన్నాడు.

అంతలో బొద్దు కదిలాడు. ఎవరూ తుడవకుండానే వాడి రెప్పలు వాటంతట అవే విచ్చుకున్నాయి. వాడు లోకంలో మొదట చూసింది వాళ్ళమ్మనే. ఒక కన్ను ఎర్రగా వాచి ఉంది. చేతులు రెండూ వీపు వెనక దాచుకుంది.

"అమ్మా, నన్ను ఎత్తుకోవా?" అన్నాడు.

గుబురమ్మకు ప్రాణం లాగేసినట్టయింది. అయినా చేతులు ముందుకు తేలేదు.

"ఎత్తుకుంటాను నాన్నా. ముందు చేతులు కడుక్కోనీ" అంది.

గుబురమ్మ నూనె రాసుకుని, కుంకుడు నురగతో మళ్ళీ మళ్ళీ కడుక్కుంది. మంట పూర్తిగా చల్లారేదాకా బొద్దు కళ్ళు ఆర్పకుండా అమ్మనే చూస్తూ కూర్చున్నాడు. ముసలమ్మ ఆ చేతుల్ని పరీక్షగా చూసి సరేనన్నాకే గుబురమ్మ వాడిని గుండెలకు హత్తుకుంది. ఆ పులుసును మాత్రం పచ్చన్న ఒక్కడే తిన్నాడు.

నీతి: తెలిసినవారు చెప్పిన జాగ్రత్తను తొందరలో వదిలేయకూడదు, పొరపాటని తెలిశాక నలుగురి ముందైనా సరే, చేయి వెనక్కి తీసుకోవడానికి సిగ్గుపడకూడదు.