ఆమేన్ రాని ప్రార్థన

అక్కని రావద్దన్నది తనే. ఈ మాట హెప్సిబా ఎవరితోనూ అనలేదు. మోకాళ్ల మీద ఉన్నప్పుడు కూడా ఆ మాట దాకా వచ్చి పక్కనుంచి తప్పుకుపోయేది.

అమ్మకి పక్షవాతం వచ్చిందని తెలిసి అక్క రాహేలు ఖమ్మం నుంచి ఫోను చేసింది. "బయల్దేరుతున్నానే" అంది.

"దేనికి? అమ్మ బాగానే ఉంది. నీ పిల్లల్ని చూసుకో" అని పెట్టేసింది హెప్సిబా. అక్క మళ్లీ చేస్తే మళ్లీ అదే మాట.

అక్క వస్తే ఏమవుతుందో ఆమెకి తెలుసు. గుమ్మంలోనే భోరుమంటుంది. అమ్మ మొహం వెలుగుతుంది. చూసినవాళ్లు, తల్లంటే ఎంత ప్రాణమో అంటారు. మూత్రపు గుడ్డలు ఉతికి ఉతికి పాసిపోయిన చేతుల్ని అప్పుడెవరు చూస్తారు?

అలా తను రానివ్వని అక్క మీదే ప్రతి శుక్రవారం ఉపవాస కూడికలో ప్రార్థన మనవి పెట్టేది. అమ్మ మంచాన పడ్డాక కూడిక వాళ్లింట్లోనే, ఆ మంచం పక్కనే జరిగేది. "మా అక్క మనసు కరగాలని ప్రార్థించండి. కన్నతల్లి పడిపోతే తొంగైనా చూడలేదు. చాకిరీ అంతా నా ఒక్కదాని మీదే." ఆడవాళ్లు చీరకొంగులు నోటికి అడ్డం పెట్టుకుని అయ్యో అనేవాళ్లు. ఆ అయ్యోలతోనే వారమంతా నడిచేది హెప్సిబాకి.

ఇల్లిల్లూ తిరిగి రోగుల కోసం ప్రార్థించే బైబిలు ఉమన్ ఎలీసమ్మగారు. ఆవిడ దగ్గర ప్రార్థన నేర్చుకోవాలని హెప్సిబా ఆవిడ సంచి పట్టుకుని వెనకాల తిరిగేది. దారి పొడుగునా సణుగుడే. ఎండ మీద, పాస్టరుగారి ప్రసంగం మీద, తన బతుకు మీద.

"ఇంత సణుగుడు మోస్తున్నావు, దానిమీద నా సంచి కూడా ఎందుకమ్మా?" అని ఒకసారి నవ్వింది ఎలీసమ్మగారు.

"నోటికి అలవాటైపోయిందమ్మగారూ. మానుకుందామంటే నావల్ల కావట్లేదు. దేవుడికైనా చెప్పుకోవద్దా?"

"చెప్పుకో. ఆయనకే చెప్పుకో" అంది ఆవిడ.

అమ్మకి జబ్బు ముదిరింది. ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు పెద్దాసుపత్రిలో. ఆ శుక్రవారం కూడికకి వచ్చినవాళ్లు వీపు పుండ్ల వాసనకి కాస్త ఎడంగా కూర్చున్నారు. అమ్మ సువార్తమ్మకి మాట పడిపోయి చాలాకాలమైంది. కళ్లు మాత్రం గుమ్మం వైపే పెట్టుకుని ఉండేది. ఆమెకి తెలివి లేదనే అందరూ అనుకున్నారు. హెప్సిబా కూడా.

"మనవులుంటే చెప్పండమ్మా" అంది పక్కింటి కరుణమ్మ. "హెప్సిబా, నీది మాకు కంఠతా వచ్చులే. అయినా చెప్పు, వింటాం."

ఒకరిద్దరు నవ్వారు. హెప్సిబా నవ్వలేదు. అంతా మొదటినుంచీ చెప్పింది. చివర్లో, "ఆఖరి చూపుకైనా వస్తుందో రాదో. రాతి గుండెది" అని ముక్కు చీదింది.

ఎలీసమ్మగారు కళ్లు మూసుకుంది. ప్రార్థన ఎత్తుకుంటే ఓ పట్టాన ముగించని మనిషి, ఆవేళ కొద్ది మాటలే అంది.

"ప్రభువా, ఈ బిడ్డ అడిగినట్టే చెయ్యి. రాహేలుకి ఇప్పుడే కబురందాలి. తెల్లారేసరికి ఆమె ఈ గుమ్మంలో నిలబడాలి." అక్కడ ఆగింది. "ఆమేన్ చెప్పు హెప్సిబా."

హెప్సిబా ఆమేన్ అంటే పైన రేకులు అదిరేవి. ఇప్పుడు నోరు తెరిచింది. మాట రాలేదు.

"మనవి నీదే కదమ్మా" అంది ఆవిడ.

ఈగలు మంచం మీద ముసురుతున్నాయి. ఒక్కొక్కరే కళ్లు తెరిచి హెప్సిబా వైపు చూశారు. ఎవరో దగ్గారు. తనే ఆమేన్ అనేసి గండం గట్టెక్కిద్దామని కరుణమ్మ నోరు తెరవబోతే, ఎలీసమ్మగారు కళ్లు తెరవకుండానే ఆమె మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది.

అప్పుడు మంచం మీంచి వినపడింది.

"ఆ... మే..."

వంకరపోయిన పెదవి మీద చొంగ కారుతోంది. చివరి అక్షరం అందలేదు. సువార్తమ్మ ఊపిరి కూడదీసుకుని మళ్లీ మొదలుపెట్టింది.

ఇన్ని శుక్రవారాలూ అమ్మ వింటూనే ఉంది.

హెప్సిబా మోకాళ్ల మీదే జరుగుతూ ఎలీసమ్మగారి దగ్గరికి పోయి చెవిలో చెప్పింది. "నేనే రావద్దన్నానమ్మగారూ. అది వస్తానంది. నేనే వద్దన్నాను."

ఎలీసమ్మగారి చేతులు జోడించే ఉన్నాయి. కళ్లు మూసే ఉన్నాయి.

"నాకెందుకు చెప్తావు?" అంది.

మంచం మీద అమ్మ ఇంకోసారి మొదలుపెట్టింది.

హెప్సిబా లేచింది. అక్క తిడుతుంది, తిట్టనీ. బయటికి పోయి మాట్లాడదామా అని ఒక్క క్షణం గుమ్మం వైపు చూసి, వద్దనుకుంది. అక్కకి ఇక్కడినుంచే ఫోను చెయ్యాలి. వీళ్లందరూ వింటుండగానే.