గీతకు ఇవతలి చేతులు

"సార్, ఆడాలన్న ఆశ ఎప్పటికి చస్తుంది?" అని శిరీష అడిగింది.

అడిగిన మనిషి తక్కువది కాదు. పదమూడేళ్లు జీతానికి బాస్కెట్‌బాల్ ఆడింది. జట్టులో గార్డు, బంతిని ముందుకు తెచ్చి, దాన్ని ఎవరికి ఎప్పుడు అందించాలో క్షణంలో తేల్చే పని ఆమెది. ఎడమ మోకాలికి రెండు ఆపరేషన్లయ్యాయి. ఇంకోసారి దెబ్బ తగిలితే జీవితాంతం కర్ర పట్టుకోవాల్సిందేనని డాక్టరు చెప్పేశాడు. క్లబ్బువాళ్లేమో కోచ్‌గా ఉండమన్నారు, రేపటిలోగా జవాబు చెప్పమన్నారు. ఆడాలన్న ఆశ కడుపులో పెట్టుకుని కోర్టు గీత బయట నిలబడటం పిల్లల్ని మోసం చేయడమేనని ఆమె బాధ. ఆశ చచ్చేదాకా ఇంకో ఏడాది ఆడి, ఆ తర్వాతే కోచింగు పట్టాలనుకుంది.

దయానిధి గారు ఆమెకు ఆట నేర్పిన గురువు. ఆయనా ఒకప్పుడు గార్డే. ఎవరేమడిగినా ఆయన సలహా ఇవ్వరు. ఊరికే సలహాలిచ్చేవాళ్లకు మన దగ్గరేం కొదవ? ఆయన తను చేసిన తప్పుల్లోంచి ఒకటి తీసి చెప్తారు, అంతే. ఆ రోజు చెప్పింది ఇది.

ఆట మానేసిన రెండేళ్లకు ఆయన అమ్మాయిల జట్టుకు కోచ్ అయ్యారు. ఆ ఏడే జట్టు ఫైనలుకు వచ్చింది. ఆ కప్పు కోసం వాళ్లు ఆరేళ్లుగా కాచుకుని ఉన్నారు. స్కోరు సమానం, ఇంకా తొమ్మిది సెకన్లుంది. కెప్టెన్ సుగుణ మేరీ అవతలి పిల్ల చేతిలోంచి బంతిని కొట్టేసింది. బంతి కోర్టు గీత వైపు ఎగిరింది, ఆమె దాని వెనకే పరుగెత్తింది. అందుకునేదే. ఈలోగా గీత పక్కనున్న దయానిధి గారు ఒక్క అడుగు లోపలికి వేసి, బంతిని రెండు చేతులా పట్టుకుని, బుట్ట కింద ఒంటరిగా ఉన్న అమ్మాయికి నేలకు ఒకసారి తాకించి అందించారు. ఆ పిల్ల అలవాటు కొద్దీ బుట్టలో వేసేసింది కూడా.

రిఫరీకి ఈల వేయడానికి కూడా రెండు క్షణాలు పట్టింది. ఆ బుట్ట చెల్లలేదు. కోచ్ చేసిన తప్పుకు అవతలి జట్టుకు ఒక ఫ్రీ త్రో, అంటే ఎవరూ అడ్డుపడకుండా బుట్టలోకి ఒకసారి విసిరే అవకాశం, ఇచ్చారు, అది పడింది. మిగిలిన కాసేపట్లో మనవాళ్లకు చేతులాడలేదు. ఒక్క పాయింటుతో కప్పు పోయింది.

తిరుగు బస్సులో ఆయన కిటికీ వైపు మొహం తిప్పుకుని ఏడ్చారు. సిగ్గుతో ఏడుస్తున్నారని పిల్లలు అనుకున్నారు.

"సిగ్గు కాదమ్మా. రెండేళ్ల తర్వాత, ఆటలో ఉన్న బంతి నా చేతికి తగిలింది. దానికి ఏడ్చాను," అన్నారాయన శిరీషతో.

మర్నాడు రాజీనామా కాగితం జేబులో పెట్టుకుని కోర్టుకు వెళ్లారు. అప్పటికే అమ్మాయిలు కోర్టు గీతకు మూడడుగులు ఇవతలగా సుద్దముక్కతో ఇంకో గీత గీసి ఉంచారు. "ఇది మీ సరిహద్దు సార్. దాటారంటే ఈల మేమే వేస్తాం," అంది ఒకతె. ఆయనకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అప్పుడు సుగుణ మేరీ బంతి తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది.

"నిన్న మీరిచ్చిన పాస్ మాలో ఎవ్వరికీ రాదు సార్. నేర్పండి."

శిరీష మెల్లగా, "మరి ఆ ఆశ ఇప్పటికైనా చచ్చిందా సార్?" అని అడిగింది.

దయానిధి గారు లేచి చెప్పుల్లో కాళ్లు పెట్టుకున్నారు.

"కోచ్ పనికి ఆశ చచ్చినవాళ్లెవరైనా ఉంటే చూడమని క్లబ్బువాళ్లు నన్ను అడగలేదమ్మా. అడిగి ఉంటే నీ పేరెందుకు చెప్తాను?"