సుంకులవ్వ కుక్కలకు వేసిన పొడుపుకథలు

చెప్పినవాళ్ళు చెప్పగా, విన్నవాళ్ళు మరవగా, మిగిలినంత కథ ఇది. మబ్బులు కొండ దిగి వచ్చి గొర్రెల మధ్య నడిచేవట. అంత పాత కాలం.

ఆ కాలంలో ఒక కొండవాలున సుంకులమ్మ అనే మేదరి ఆమె ఉండేది. అందరూ సుంకులవ్వ అనేవారు. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. వెదురు చీల్చేది, బుట్ట అల్లేది. బుట్ట అయిపోతే ఇంకో బుట్ట మొదలుపెట్టేది.

"ఒక్క పొట్టకు ఇంత కష్టమెందుకవ్వా?" అని అడిగితే, "పొట్ట కోసం కాదు నాయనా. ఏదో ఒక చిక్కు చేతిలో లేకపోతే నా బుర్ర నన్నే తింటుంది" అనేది.

ఏటా వానలు పడి కింద చేలల్లో పైరు లేచాక, కురుబలు మందలు తోలుకుని ఆ కొండకు వచ్చేవారు. తోడేలు దూకలేనంత ఎత్తుగా రాళ్ళు పేర్చి దొడ్లు కట్టేవారు. ఇక కుక్కలకు పని ఉండేది కాదు. విడిస్తే చేలల్లో పడి తొక్కుతాయని గుంజలకు కట్టేసేవారు. కూడు పెట్టేవారు, నీళ్ళు పెట్టేవారు. అంతకుమించి కుక్కకేం కావాలని ఎవరికీ తోచలేదు.

మంద పెద్ద బీరన్నకు ఒక కుక్క ఉండేది. పేరు మబ్బు. బూడిదరంగు ఒళ్ళు, తేనెరంగు కళ్ళు. మొదటి వారం అది గుంజ చుట్టూ తిరిగింది. తిరిగి తిరిగి నేల గుంతపడింది. రెండో వారం తన తోక తనే కొరుక్కుంది. కొరికి కొరికి నెత్తురు కారింది. మూడో వారం, దగ్గరికొచ్చిన గొర్రెపిల్ల చెవి పట్టుకుని చీల్చేసింది.

"మందను కొరికే కుక్క నాకొద్దు" అన్నాడు బీరన్న. "దీన్ని పూడ్చడానికి గొయ్యి తీయండి."

అప్పుడే బుట్టలు బాగుచేయడానికి వచ్చింది సుంకులవ్వ. కుక్క కళ్ళలోకి చూసింది. మొగుడు పోయిన ఏడాది, చేతులు ఊరికే పెట్టుకుని గోడవంక చూస్తూ కూర్చున్న రోజులు ఆమెకు గుర్తొచ్చాయి.

"దీనికి ఏ రోగమూ లేదు బీరన్నా. దీని బుర్ర దీన్నే తింటోంది."

"కుక్కకు బుర్రేందవ్వా?"

"అమావాస్య దాకా నాకియ్యి. బాగుపడకుంటే నీ గొయ్యి యాడికీ పోదు."

బీరన్న నవ్వాడు. తాడు ఆమె చేతికిచ్చాడు.

మరునాడు పొద్దున సుంకులవ్వ సంగటి ముద్ద చేసింది. మబ్బు ముందు పెట్టలేదు. బుట్ట బోర్లించి కింద దాచింది. మబ్బు మొరిగింది, గీరింది, మూతితో నెట్టింది. బుట్ట దొర్లింది. ముద్ద దొరికింది. అదే మొదటి పొడుపుకథ.

తర్వాత మూతబుట్ట అల్లింది. ముద్ద లోపల పెట్టి మూతకు వెదురుపుల్ల గుచ్చింది. మబ్బు బుట్టను తన్నింది, కరిచింది, చుట్టూ తిరిగింది. పొద్దు నడినెత్తికొచ్చాక పుల్లను పళ్ళతో పట్టి లాగింది. మూత ఊడింది. అది రెండో పొడుపుకథ.

మూడోదానికి పొడవాటి తడిక అల్లి నిలబెట్టింది. అవతల ముద్ద పెట్టింది. సందుల్లోంచి ముద్ద కనబడుతుంది, వాసన వస్తుంది, నోటికి అందదు. అందాలంటే ముద్దకు వీపు తిప్పాలి. దూరంగా నడిచి, తడిక చివర చుట్టిరావాలి.

మబ్బు తడికకు ముక్కు ఆనించి నిలబడింది. కదల్లేదు. సుంకులవ్వ వంక చూసి కుయ్‌మంది. ఆమె చేతులు తడిక దగ్గరికి పోబోయాయి. చప్పున రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. ఆకాశంకేసి చూసింది.

కురుబలు చుట్టూ చేరారు. "పాపం అవ్వా, ఒక్కసారి చూపించరాదా?"

"నేను చూపిస్తే ముద్ద దానిది, ఆలోచన నాది. ముద్దతో పాటు ఆలోచననూ దాన్నే తిననీ."

ఆ రోజు కాలేదు. సాయంత్రం మామూలుగా కూడు పెట్టింది. రెండో రోజూ కాలేదు. సాయంత్రం మామూలుగా కూడు పెట్టింది. మూడో రోజు మంచు దిగింది. కొండ కనబడలేదు, దొడ్డి కనబడలేదు. మబ్బు ముద్దవంక చాలాసేపు చూసింది. ఆపైన వీపు తిప్పి మంచులోకి నడిచిపోయింది.

"వదిలేసింది" అన్నారు కురుబలు.

సుంకులవ్వ చేతులు తొడల కిందే ఉన్నాయి. కాసేపటికి తడిక అవతల మంచు పలచబడింది. అక్కడ బూడిదరంగు కుక్క ముద్ద తింటోంది. తిన్నాక వచ్చి సుంకులవ్వ పాదాల మీద తల వాల్చి పడుకుంది. గుంజ చుట్టూ తిరగలేదు. తోక కొరకలేదు.

బీరన్న మాత్రం పెదవి విరిచాడు. "ముద్ద తినడం నేర్చింది సరే. మందకేం లాభం?"

అమావాస్య ఇంకా రెండు రోజులుంది. పైన ఎక్కడో వాన కురిసింది. రెండు పాయలుగా పారే ఏటి మధ్య దిబ్బ మీద బీరన్న గొర్రెలు మేస్తున్నాయి. చూస్తుండగానే నీళ్ళు ఎర్రగా పొంగాయి. గొర్రెలన్నీ దిబ్బ మీద ఒకదాని మీదొకటి ఎక్కి అరిచాయి.

కురుబలు కుక్కల్ని విప్పారు. ఒక్కొక్కటీ సూటిగా నీళ్ళలోకి దూకింది. ఒక్కొక్కదాన్నీ ఏరు తిప్పికొట్టింది. మబ్బును కూడా విప్పారు. అది దూకలేదు. ఒడ్డున కూర్చుంది. నీళ్ళవంక చూసింది, దిబ్బవంక చూసింది. వీపు తిప్పి పైకి పరుగెత్తింది.

"పిరికి ముండ! పారిపోయింది!" అని అరిచాడు బీరన్న. "పిలువవ్వా! నీ మాట వింటది, పిలువు!"

సుంకులవ్వ ఒడ్డు అంచుకు వచ్చింది. అది ఎందుకు పోతోందో ఆమెకూ తెలియదు. ఆలోచించి పోతోందా, భయపడి పోతోందా? పిలుపు గొంతుదాకా వచ్చింది. తడి ఇసుకలో కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది. పిలవలేదు.

ఎగువన, ఏరు రెండుగా చీలకముందు, బండల మీద నీళ్ళు పలచగా పరుచుకునే చోటుంది. మబ్బు అక్కడ దాటింది. అవతలి ఒడ్డెంబడి కిందికి వచ్చింది. అటువైపు పాయ ఇంకా మోకాలి లోతే. దాన్ని దాటి దిబ్బ ఎక్కి గొర్రెల మధ్య దూరింది. మొరుగుతూ మందను అవతలి ఒడ్డుకు మళ్ళించింది. ఆఖరి గొర్రె గట్టెక్కింది. వెనకే దిబ్బ మునిగింది.

బీరన్న తలపాగా తీసి సుంకులవ్వ ముందు పెట్టాడు. "ఏటా ఈనే మంచి గొర్రెను ఇస్తా అవ్వా" అన్నాడు. వద్దంది. "కొత్త గొంగడి ఇస్తా" అన్నాడు. వద్దంది.

"మరేం కావాలి?"

"కట్టేసిన ప్రతి కుక్కకూ పొద్దుటి ముద్ద దాచిపెట్టు. అది ఆ చిక్కు విప్పుకునేదాకా నోరు మూసుకుని కూర్చో."

"అదెంత పని!" అన్నాడు బీరన్న. మర్నాడు కూర్చుంటే గాని తెలియలేదు, అదెంత పనో.

అప్పటినుంచి సుంకులవ్వ దొడ్డి దొడ్డికీ తిరిగింది. కుక్క ముసలిదైతే తేలిక చిక్కు, పడుచుదైతే గట్టి చిక్కు వేసేది. గుడ్డి కుక్కకు వాసన చిక్కు వేసేది. ఏ రెండు బుట్టలూ ఒకేలా అల్లలేదు. అల్లుతూ అల్లుతూ, ఒక మంచు పొద్దున, ఒళ్ళో సగం బుట్టతో గోడకు ఆనుకుని ప్రాణం విడిచింది. కొండదారి పక్కన ఆమెను పూడ్చారు. మబ్బు మూడు రోజులు అక్కడే ఉంది. నాలుగో రోజు లేచి మందకు వచ్చింది.

ఆ వానాకాలమే కురుబలు ఒక వింత చూశారట. దొడ్లో కుక్కలన్నీ నిద్రపోతున్నాయి. నిద్రలోనే ఒకటి పంజా కదిపింది. ఒకటి ముక్కు ఆడించింది. ఒకటి లేని పుల్లనేదో పళ్ళతో లాగింది. కాసేపటికి మూడూ ఒకేసారి తోకలాడించాయి.

ఇప్పటికీ ఆ దారిన పోయేవాళ్ళు సుంకులవ్వ గోరీ మీద పూలు పెట్టరు. బుట్ట బోర్లించి, కింద సంగటి ముద్ద పెట్టి పోతారు. వెనకాల ఏ కుక్క వస్తే దానిది. పిల్ల ముడి విప్పుకోలేక తంటాలు పడుతుంటే తల్లి చెయ్యి చాచిందనుకో, ముసలమ్మలు "చేతులు తొడకింద పెట్టుకోమ్మా" అంటారు.

కుక్క నిద్రలో కాళ్ళాడిస్తే ఆ కొండల్లో ఎవరూ దాన్ని లేపరు.

"సుంకులవ్వ వచ్చి పొడుపుకథ వేసింది" అంటారు. "విప్పుకోనీ."