ఇర్పు చెట్ల కింద బోర్డు

వాగు అవతలి కొండమీద జంతువుల పిల్లలకొక బడి ఉండేది. పాఠాలు చెప్పడానికి మైదానం నుంచి కొంగ పంతులు వచ్చాడు. మంచివాడే. కానీ పుస్తకంలో "ప అంటే పడవ" అని ఉంటే అదే చెప్పేవాడు. పడవ ఎలా ఉంటుందో ఎరగని కొండపిల్లలు తలలొంచుకుని కూర్చునేవి.

"వీటికి బుర్రల్లేవు పంతులూ, బడి మూసెయ్," అన్నాడు నక్క మామ. అతను మైదానంలో అక్షరాలు నేర్చుకొచ్చాడు. కొండమీద బోర్డులన్నీ చదివిపెట్టేది అతనే. ఏం చదివితే అదే నిజం.

పంతులు బడి మూయలేదు. ఎలుగుబంటి ముత్తవ్వ గుహకు వెళ్లాడు.

"అవ్వా, నీ మనవరాలు ఉంది చూడు, కోసి, అది బళ్లో నోరు విప్పదు."

"ఇంట్లో మూయదు కదయ్యా!" ముత్తవ్వ నవ్వింది. "మాది కొండభాష. నీ మాటలు దానికెలా అందుతాయి?"

"అయితే నువ్వే బడికి రా. మీ మాటలో కథలు చెప్పు. నేనూ నేర్చుకుంటా, వాటినే అక్షరాల్లో పెడతా."

మర్నాడు ముత్తవ్వ ఇప్పపూల కథ చెప్పింది. కొండభాషలో ఇప్పపువ్వును ఇర్పు అంటారు. పంతులు ఇసుకలో ఆ మాట మొదటి అక్షరం పెద్దగా గీసి, "ఇ అంటే?" అన్నాడు.

"ఇర్పు!" బడంతా అరిచింది. అందరికన్నా గట్టిగా కోసి అరిచింది.

నక్క పగలబడి నవ్వాడు. "కొండమాటకు రాతేమిటి? వింటే నలుగురూ నవ్విపోతారు!"

పిల్లలు ఆగలేదు. తేనెపట్టు, వెదురు, వాగు, అమ్మమ్మల పాటలు, అన్నీ కొండభాషలోనే ఇసుకలోకి ఎక్కాయి. అక్షరాలు చేతికొచ్చాక మైదానం పుస్తకం కూడా పిల్లలకు భయం పుట్టించలేదు.

ఎండాకాలం వచ్చింది. అడవిలో ఆకు లేదు, పండు లేదు. ఇర్పు ఒక్కటే రాలుతోంది. ఆ చెట్ల కింద రాత్రికి రాత్రే ఒక బోర్డు వెలిసింది.

"పులి కాపు కాస్తోందట, అడుగుపెడితే చావేనట," అని నక్క చదివి చెప్పాడు. పెద్దలు గడగడలాడారు. ఊరిపెద్ద ఏనుగు పటేలు సైతం వెనక్కి తిరిగాడు. ఆకలితో పిల్లలు ఏడుపందుకున్నాయి.

కోసి మాత్రం బోర్డు దగ్గరికి నడిచింది.

"వద్దే తల్లీ!" ముత్తవ్వ కేక వేసింది.

"అవ్వా, ఇందులో పులి లేదు! ఇ... ఇర్పు అని ఉంది!" కోసి వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివింది. "ఇర్పు నిండా రాలింది. అందర్నీ బెదిరించి ఆపాను. చీకటి పడ్డాక వచ్చి తినండి, చుట్టాల్లారా."

అందరి కళ్లూ నక్క మీద పడ్డాయి. తనలాగే అక్షరాలు నేర్చిన పక్క కొండ చుట్టాల కోసం కొండభాషలోనే రాసుకున్నాడు మరి, ఇసుకలో గీతలు గీసే పిల్లలు బోర్డేం చదువుతారనే ధీమాతో.

"కొండమాటకు రాత లేదన్నావుగా మామా," అంది కోసి, "మరి ఇదేంటి?"

నక్క మెల్లగా వెనక్కి జరిగాడు. పటేలు ఒక్కసారి ఘీంకరించేసరికి పొదల్లో పడి పరుగెత్తాడు.

ఆ పూట కొండ కడుపు నిండింది. ముత్తవ్వ పంతులు పక్కన కూర్చుని మనవరాలినే చూస్తూ ఉండిపోయింది.

"చూశావా పంతులూ," అంది, "మా అమ్మ నేర్పిన మాట అది. చదువై నిలబడింది."

తల్లి మాటలో వేళ్లూనిన చదువును ఏ మోసమూ పెకలించలేదు.