చెట్టు ఎండుపుల్లను ఎందుకు వదిలేస్తుంది

ఒకప్పుడు చెట్లు ఒక్క పుల్లను కూడా రాల్చేవి కావు. ఆకులు రాల్చేవి, పూలు రాల్చేవి, పండ్లు రాల్చేవి. రెమ్మ ఎండిపోతే మాత్రం దాన్ని అలాగే గట్టిగా పట్టుకుని ఉండేవి. పొయ్యి రాజెయ్యడానికి చితుకులు కావాలంటే చెట్టు మీదినుంచి లాక్కోవలసిందే.

ఆ రోజుల్లో ఒక కొండవాలున సింగారమ్మ అని ఒకావిడ ఉండేది. అడవిలో చితుకులు కోసి, కట్టలు కట్టి, ఏటి అవతలి పేటలో అమ్మడం ఆవిడ పని. పొద్దున్నే దోటి భుజాన వేసుకుని బయల్దేరేది. దోటి అంటే చివర కొడవలి కట్టిన పొడుగాటి గెడ. దాంతో లాగితే ఒక ఎండుపుల్లతో పాటు బోలెడు పచ్చిరెమ్మలు చీలి వచ్చేవి. పచ్చివి అక్కడే పారేసి, ఎండువి ఏరుకునేది.

"సింగారమ్మ కట్టలో పచ్చిపుల్ల వెతికినా దొరకదు" అని పేటలో ఆడవాళ్ళు చెప్పుకునేవారు. అది నిజమే. సన్నవి పైన, వేలంత లావువి కింద పేర్చి, ఒక పొయ్యికి సరిపడా కట్ట కట్టేది. వీధి మొదట్లో ఆవిడ కేక వినిపిస్తే చాలు, తలుపులు తెరుచుకునేవి.

ఒక ఏడు ముసురు పట్టింది. ఎంతకీ తెరిపివ్వలేదు. గాలివానకి సింగారమ్మ పాక కప్పు లేచిపోయి, దాచిన కట్టలన్నీ నానిపోయాయి. పేటలో పొయ్యిలు ఒక్కొక్కటే చల్లారిపోయాయి.

అప్పుడు కుమ్మరి అచ్చమ్మ తడుస్తూ ఏరు దాటి వచ్చింది.

"సింగారీ, మా కోడలు నీళ్ళాడింది. ఆడపిల్ల. చలికి బిడ్డ ఒళ్ళు నీలంగా తిరిగిపోతోందే" అంది.

"ఇంట్లో మొద్దులు లేవా?"

"మొద్దులకేం, ఉన్నాయి. మొద్దు అంటుకోవాలంటే ముందు చితుకులు మండాలి కదా. నివురు కింద ఒక్క నిప్పురవ్వ మిగిలింది. అదీ ఆరిపోతే..."

"నువ్వెళ్ళి ఆ రవ్వని కాపాడు వదినా. చితుకులు నేను తెస్తాను" అంది సింగారమ్మ.

ఎక్కడ దొరుకుతాయో ఆవిడకి తెలుసు. అడవి మొదట్లో ఒక ముసలి మద్దిచెట్టు ఉంది. దాని ఆకుల గుబురు ఇంటి కప్పు కంటే దట్టం. లోపలి పుల్లలకి చుక్క తడి తగలదు. సింగారమ్మ దోటి ఎత్తి లాగింది. పచ్చికొమ్మ చీలింది గాని, ఎండుపుల్ల రాలేదు. మళ్ళీ లాగింది. ఇంకో పచ్చికొమ్మ చీలింది.

"ఎందుకే నన్నిలా చీలుస్తావు?" అంది మద్దిచెట్టు.

సింగారమ్మ దోటి కింద పెట్టేసింది. "ఎండుపుల్లలు కావాలి పెద్దమ్మా. పచ్చివి నాకొద్దు."

"ఎండినా అవి నా బిడ్డలే. నువ్వు కాల్చుకోవడానికి నేనెందుకివ్వాలి?"

సింగారమ్మ మానుకి దగ్గరగా వెళ్ళి నిలబడింది.

"ఉన్నమాట చెబుతాను. ఇస్తే కాలిపోతాయి. దాచను. ఇవ్వకపోతే చెద పడుతుంది. అది ఎండుతో ఆగదు, పచ్చిలోకి పాకుతుంది. ఆ పైకొమ్మ చూసుకో, అప్పుడే చెదమట్టి కట్టింది. ఇవి ఎన్నో ఏళ్ళు ఎండ తాగిన పుల్లలు పెద్దమ్మా. ఇవాళ ఎండ లేదు. పేటలో ఒక పసిగుడ్డు వెచ్చదనం కోసం అల్లాడుతోంది."

"నువ్వు చెప్పేది నిజమో కాదో నాకెలా తెలుస్తుంది? నేను కదల్లేను కదా."

కొమ్మల మధ్య తిరుగుతున్న గాలి ఇదంతా వింది. "నేను కదులుతాను. ఈవిడ వెంట వెళ్ళి, చూసింది చూసినట్టు వచ్చి చెబుతాను" అంది.

"నాకు వదలడం చేతకాదు. ఎప్పుడూ వదల్లేదు" అంది చెట్టు.

"పుల్ల మొదట్లో పట్టు కాస్త సడలించు, చాలు. మిగతాది గాలి చూసుకుంటుంది" అంది సింగారమ్మ.

చెట్టు భయపడుతూనే పట్టు సడలించింది. గాలి లోపలికి దూరి ఊపింది. 'చిట్'మని ఒక పుల్ల విరిగింది. దాని వెనకే గుప్పెడు పుల్లలు రాలాయి. నేల తాకకుండా వాటిని కొంగులో పట్టుకుని, ఆకుల్లో చుట్టి, గుండెకి హత్తుకుని సింగారమ్మ పరుగెత్తింది. గాలి వెనకనుంచి తోస్తూ ఆవిడని ఏరు దాటించింది.

అచ్చమ్మ పొయ్యి ముందు బోర్లా పడుకుని నిప్పురవ్వకి చెయ్యి అడ్డం పెట్టి ఉంది. సింగారమ్మ సన్నపుల్లలు దాని మీద పేర్చింది.

"గాలీ, నెమ్మదిగా ఊదు. జోరు చేస్తే ఆరిపోతుంది" అంది.

ఇళ్ళ కప్పులు లేపిన గాలి, నిద్రపోయే బిడ్డ మొహం మీద ఊదినంత మెల్లగా ఊదింది. పుల్ల చివర ఎర్రబడింది. మంట లేచింది. చితుకులు మండాయి, మొద్దు అంటుకుంది. గది వెచ్చబడింది. కోడలి ఒళ్ళో బిడ్డ కాళ్ళు కదిపి, కేరుమని ఏడ్చింది. అచ్చమ్మ గోడకి జారగిలబడి తనూ ఏడ్చింది.

గాలి వెంటనే అడవికి వెళ్ళి చూసిందంతా చెప్పింది.

"బిడ్డ ఏడ్చిందా?" అని అడిగింది చెట్టు.

"వీధి చివరికి వినిపించేలా."

"చలికి వణికే ఇళ్ళు ఇంకా ఉన్నాయా?"

"పేటంతా అవే."

"అయితే ఊపు" అంది చెట్టు.

అలా రాలిన పుల్లలు సింగారమ్మ మోసుకెళ్తుంటే పేటలో పొయ్యిలన్నీ మళ్ళీ రాజుకున్నాయి. ముసురు తెరిపిచ్చాక ఆవిడ వచ్చి చూస్తే మద్దిచెట్టు కింద నేల కనిపించలేదు. అన్నీ ఎండుపుల్లలే. పైన కొమ్మలన్నీ తేలిగ్గా ఊగుతున్నాయి.

"ఒళ్ళు ఎంత తేలికయిందో" అంది చెట్టు.

"ఇక నీ మీద దోటి ఎత్తను పెద్దమ్మా. ఎత్తేవాళ్ళని నాతో రానివ్వను" అని సింగారమ్మ మాటిచ్చింది. ఆ మాట నిలబెట్టుకుంది. పుల్లలు ఏరడానికి, కట్టలు కట్టడానికి చుట్టుపక్కల ఆడవాళ్ళు ఆవిడతో చేరారు. ఏటికి అటూ ఇటూ ఏ పొయ్యి చూసినా వాళ్ళ చితుకులతోనే రాజుకునేది.

మద్దిచెట్టుని చూసి తుమ్మ నేర్చుకుంది, వేప నేర్చుకుంది. అలా అడవంతా నేర్చుకుంది.

అప్పటినుంచే గాలి వచ్చి ఊపితే చాలు, చెట్లు ఎండుపుల్లల్ని వదిలేస్తాయి. పచ్చికొమ్మ మాత్రం ఎంత గాలికైనా వంగుతుంది, ఊగుతుంది, ఊరికే ఊడి రాదు.