అంబరో చిల్లుకుండ

అనగనగా అంటే ఎప్పుడని అడక్కండి. మా తాతకీ తెలీదు, ఆయన తాతకీ తెలీదు. ఊఁ కొట్టేవాళ్ళు ఊఁ కొట్టండి. కోపం వచ్చినవాళ్ళు కోప్పడండి. నాకైతే ఈ కథ చెప్పినప్పుడల్లా కోపమే వస్తుంది.

సముద్రం అవతల, నీళ్ళలోకి కొమ్ములా పొడుచుకొచ్చిన ఎండునేల ఒకటుంది. సోమాలీల నేల. అక్కడివాళ్ళు ఒంటెలు మేపుకుని బతికేవాళ్ళు. వాన ఎటు పడితే అటు, గడ్డి ఎటు మొలిస్తే అటు. అయితే గుడ్డిగా కదిలేవాళ్ళు కాదు. ముందు ఒకణ్ణి వేగు పంపేవాళ్ళు. వాడు వెళ్ళాలి, చూడాలి, తిరిగి రావాలి. గడ్డి లేనిచోట ఉందని చెప్పాడా, గుంపుకి గుంపు దారిలోనే చస్తుంది.

అందుకే వాళ్ళకో కట్టుబాటు ఉండేది. తిరిగొచ్చిన వేగుకి ముందు నీళ్ళు, తర్వాతే మాట. పగవాడి బావి దగ్గరైనా సరే, వేగు పెట్టిన కుండని అంచుదాకా నింపాలి. నిండేదాకా తోడటం ఆపకూడదు. నిండేదాకా వేగు నోరు విప్పకూడదు. దాహంతో ఉన్నవాడు గుక్కెడు నీళ్ళకోసం ఎవరికి కావాల్సిన మాట వాళ్ళకి చెబుతాడు. ఆ సంగతి పాతకాలపు పెద్దలకి తెలుసు.

ఆ నేలమీద అంబరో అని ఒక ముసలమ్మ ఉండేది. మొగుడు పోయాడు. ఒంటె లేదు, మేక లేదు. చెట్టువేళ్ళ నారతో పాలకుండలు అల్లడం ఆమె పని. అల్లి, లోపల నిప్పుకణికలు దొర్లించి పొగ పట్టించేది. అందులో పోసిన పాలు తొందరగా విరిగేవి కావు, చుక్క కారేవి కావు. "అంబరో కుండలో పాలు చీమకి కూడా దొరకవు" అని చెప్పుకునేవాళ్ళు. కుండని మెచ్చుకునేవాళ్ళే గాని మనిషిని పట్టించుకున్న పాపాన పోలేదు. పెద్దల కూటమిలో ఆమె కుండలు చేతులు మారుతుంటే, ఆమె బయట ఎండలో కూర్చునేది.

ఆమెకి ఒకతే కూతురు, ఉబా. ఉబా ఒళ్ళో ఏడాది పిల్ల.

మూడేళ్ళు వాన లేదు. మిగిలింది ఒకే బావి. గుంపుకి పెద్ద, బూరాలే అనేవాడు, దాని చుట్టూ ముళ్ళకంచె వేయించాడు. "నీళ్ళు కావాలా? పొద్దంతా నా ఒంటెలకి తోడిపోయండి, సాయంత్రం ఒక తిత్తి పట్టుకుపోండి" అన్నాడు. ఎవడి బావి? ఎవడు తవ్వాడు? ఆ బావి తవ్వినవాళ్ళ మనవలే తాడు పట్టుకుని అరచేతులు కోసుకున్నారు.

బూరాలే బావమరిది షిర్వా. వాడికో పడవ ఉంది. "ఈ మట్టిలో ఏముందర్రా? పాడి ఒంటె ఒకదాన్నివ్వండి, అవతలి ఒడ్డు చూపిస్తా" అనేవాడు. "కన్ననేలని వదిలిపోతారా, సిగ్గులేదూ!" అని బూరాలే అరిచేవాడు. పగలంతా జనం ముందు ఇద్దరూ కొట్టుకునేవాళ్ళు. పొద్దుగూకితే ఒకే పళ్ళెంలో తినేవాళ్ళు. జనానికి మాత్రం ముందు నుయ్యి, వెనక గొయ్యి.

గుంపు ముగ్గుర్ని వేగు పంపింది. మొదట దీరియే వెళ్ళాడు. తర్వాత రోబ్లే వెళ్ళాడు. ఆ తర్వాత ఉబా మొగుడు సమతర్ వెళ్ళాడు. ముగ్గురూ తిరిగి రాలేదు. ముగ్గురి దగ్గర్నుంచీ షిర్వా పడవలో మాట మాత్రం వచ్చింది. మూడుసార్లూ ఒకటే మాట.

"బాగుందని చెప్పు."

దూరపు కొండలు నునుపు. ఆ మాట నమ్మి ఒక పడవనిండా జనం వెళ్ళారు, నడిసముద్రంలో మునిగారు. వాళ్ళ చెప్పులు ఒడ్డుకి కొట్టుకొచ్చిన రోజు కూడా అవతలి నుంచి మాట వచ్చింది. బాగుందని చెప్పు.

ఉబా మూట కట్టుకుంది.

"అమ్మా, వచ్చే పడవకి వెళతాను. ఆయన బాగుందన్నాడు కదా."

"అతను అన్నాడా, అన్నాడని షిర్వా చెప్పాడా?"

"ఏదైతే ఏంటమ్మా? పిల్ల నాలుక పిడచకట్టుకుపోతోంది."

"తిరిగిరాని వేగు వేగు కాదే తల్లీ. నేను వెళ్ళి చూసొస్తా. గాలి మళ్ళేదాకా ఆగు. నాకోసం ఆగు."

ఉబా నవ్వలేదు. మిగతావాళ్ళంతా నవ్వారు. ముసలిది వేగుకి పోతుందట! షిర్వా మాత్రం నవ్వు ఆపి ఆలోచించాడు. ముసలమ్మే చూసొచ్చి చెబితే ఇంక పడవలో చోటు చాలదు. "ఊరికే తీసుకెళతా పెద్దమ్మా. వచ్చి బాగుందని చెప్పు, అంతే."

"చూసింది చెబుతా" అంది అంబరో.

బూరాలే పిలిపించాడు. "వచ్చి, అక్కడ చెడ్డగా ఉందని చెప్పు. నువ్వు బతికినన్నాళ్ళూ రోజుకో తిత్తి నీళ్ళు ఇప్పిస్తా."

"చూసింది చెబుతా" అంది అంబరో.

మూడు పడవలు మారి, మూడు రేవులు దాటి, ఆమె అవతలి దేశం చేరింది. చలిదేశం. నోరు తెరిస్తే పొగ వచ్చేది. నిప్పు లేకుండా పొగేమిటో ఆమెకి అర్థం కాలేదు.

ఓడరేవులోనే దీరియే కనబడ్డాడు. వీపు మీద బస్తా. దించి, ఆమె చేతులు కళ్ళకద్దుకున్నాడు. ఇంటికి తీసుకెళ్ళాడు. అతని వెనకే పడవెక్కి వచ్చిన పెళ్ళాం, పిల్లలతో కలిపి ఒక గదిలో ఎనిమిది మంది. కాని పిల్లల బుగ్గలు నిండుగా ఉన్నాయి. పెద్దపిల్ల పలక మీద అక్షరాలు రాస్తోంది.

"మూడు పూటలా తింటున్నారు పెద్దమ్మా. అబద్ధం కాదు. అక్కడే ఉంటే ఈ పాటికి ఇద్దర్ని పూడ్చేవాణ్ణి."

"మరి నువ్వు?"

"నన్నిక్కడ 'ఒరేయ్ బస్తా' అంటారు. నా పేరు నా పెళ్ళానికి తప్ప ఎవరికీ తెలీదు." ఆగి, తల వంచుకున్నాడు. "బాగుందని చెప్పు."

రోబ్లే ఇంకా లోపలికి, పెద్ద పట్నంలో ఉన్నాడు. ఒకప్పుడు అతను పాట కడితే పగవాళ్ళు కూడా కూర్చుని వినేవాళ్ళు. ఇప్పుడు ఎవరిదో గుమ్మానికి కాపలా. అతని గదిలో గోడకి గొట్టం ఉంది. తిప్పితే నీళ్ళొస్తాయి. అంబరో ఆ నీళ్ళు చూసి గోడకి తల ఆనించి ఏడ్చింది. ఎన్ని గొంతులు తడిసేవి!

"నీళ్ళకి కరువు లేదు పెద్దమ్మా. మాటకే కరువు. ఒక్కోరోజు ఆ చప్పుడు వినడానికే తిప్పుతా" అన్నాడు రోబ్లే.

"పాటలు కడుతున్నావా?"

"ఎవరికోసం?" అని తల అడ్డంగా ఊపాడు. "మా అమ్మ భయపడుతుంది. బాగుందని చెప్పు."

సమతర్ గది తలుపు కొడితే, అతనితో ఉండే కుర్రవాళ్ళు ముగ్గురు తీశారు. అల్లుడెక్కడ అని అడిగింది. ఒకడు గోడ వైపు చూశాడు. ఒకడు నేల వైపు చూశాడు. మూడోవాడు ఆమెని ఊరిబయటికి తీసుకెళ్ళాడు. అక్కడో మట్టిదిబ్బ. దానిమీద పేరు లేదు, ఒక అంకె ఉంది.

"మొదటి చలికే పోయాడత్తా. ఏడాది దాటింది."

"మరి మాట? మొన్న కూడా వచ్చిందే! బాగుందని చెప్పమన్నాడే!"

"మేమే పంపుతున్నాం. పాపం ఉబా, తట్టుకోలేదని..."

గూబ గుయ్యిమనేలా ఒకటిచ్చింది అంబరో. బతుకులో ఒకరిమీద చెయ్యెత్తి ఎరగదు.

"చచ్చినవాడి నోట్లో మాట పెడతార్రా! నా కూతురు పిల్లనెత్తుకుని ఈ దిబ్బ దగ్గరికి బయల్దేరుతోంది. మీ జాలి తగలెయ్య! మీ 'బాగుంది'ని నమ్మి పడవెడు జనం మునిగారు, తెలుసా?"

కుర్రవాడు చెంప పట్టుకుని ఏడ్చాడు. "నిజం ఎలా చెప్పమంటావత్తా? ఉన్న ఒక్క ఒంటెనీ అమ్ముకుని మమ్మల్ని పంపారు. ఏ మొహంతో చెబుతాం?"

అంబరో కోపం చప్పున దిగిపోయింది. దిగి, ఇంకోచోటికి మళ్ళింది. ఈ పిల్లల్ని సిగ్గుపడేలా చేసిందెవరు? ఒంటెనెవడు తీసుకున్నాడు? బావికి కంచె ఎవడు వేశాడు? వాడికి లేని సిగ్గు వీళ్ళకెందుకు? ఆ మాట పళ్ళ మధ్య నూరుకుంటూనే ఆమె తిరుగు పడవెక్కింది.

పడవలో కూర్చుని కుండ అల్లింది. తీరం కనబడేదాకా అల్లుతూనే ఉంది. ఒంటెపిల్ల పట్టేంత కుండ అయింది. షిర్వా చూసి మురిసిపోయాడు. "బహుమానం ఎవరికి పెద్దమ్మా?"

"బావికి" అంది.

తీరంలో పడవ ఆగింది. మూడోనాటి సాయంత్రం మళ్ళీ బయల్దేరుతుందని షిర్వా చాటించాడు. అంబరో ఎవరితోనూ మాట్లాడలేదు. తిన్నగా బావి దగ్గరికెళ్ళి, కంచె తలుపు తీయించి, గట్టు మీద కుండ పెట్టింది. వేగు వచ్చింది. కుండ నింపాలి. బూరాలేకి తప్పలేదు. కాపలావాళ్ళు తోడారు, పోశారు. తోడారు, పోశారు. కుండ నిండలేదు.

చీమకి కూడా పాలు దొరకనివ్వని ఆ చేతులు, ఈ కుండ అడుగు వదులుగా అల్లాయి. పోసిన నీళ్ళు పోసినట్టే కిందికి జారి, గట్టు వాలుగా పారి, కంచె దాటి బయటికొచ్చాయి. మొదట ఒక మేకపిల్ల మూతి పెట్టింది. తర్వాత పిల్లలు దోసిళ్ళు పట్టారు. తర్వాత తిత్తులొచ్చాయి.

ఉబా పిల్లనెత్తుకుని పరిగెత్తుకొచ్చింది. "అమ్మా, ఆయన బాగున్నాడా?"

అంబరో కుండ వైపు చూపించింది. కుండ నిండలేదు. వేగు మాట్లాడకూడదు.

రెండోరోజూ తోడారు. ఊళ్ళో ప్రతి మేకా కడుపునిండా తాగింది. ఉబా మళ్ళీ వచ్చింది. "అమ్మా, ఆయన బాగున్నాడా?" అంబరో కుండ వైపు చూపించింది. చెప్పలేక కాదు. చెబితే తాడు ఆగిపోతుంది, ఊరి గొంతు మళ్ళీ ఎండిపోతుంది. చెప్పకపోతే కన్నకూతురు కళ్ళముందే కాలిపోతోంది. మూడు రోజులు ఆ నిజాన్ని గొంతులో పెట్టుకుని కూర్చుంది ఆ తల్లి.

మూడోరోజు ఉబా మూటతో వచ్చింది. ఈసారి అడగలేదు. తల్లి మొహంకేసి చాలాసేపు చూసింది. చూసి, మూట నేలమీద పెట్టేసింది.

మధ్యాహ్నానికి బూరాలే ఊగిపోతూ వచ్చాడు. "చిల్లుకుండ! ఇది మోసం!"

చిల్లుందని తోడటం ఆపాలని ఏ కట్టుబాటులోనూ లేదని జనంలోంచి ఎవరో అరిచారు. బూరాలే కత్తి దూసి కుండని నిలువునా చీల్చాడు.

కాపలావాడి చేతిలో తాడు ఆగిపోయింది. వేగు కుండ మీద కత్తి వేసినవాణ్ణి వాళ్ళ ముత్తాతలు కూడా ఎరగరు.

అంబరో లేచింది. మూడు రోజులుగా ఆమె తినలేదు. గట్టు పట్టుకుని నిలబడింది.

"కట్టుబాటు నువ్వే తెంపావు బూరాలే. ఇంక చెబుతా, వినండి. అక్కడ తిండి ఉంది. దీరియే పిల్లలు బతికారు, చదువుకుంటున్నారు. అది మంచి. గోడలో నీళ్ళున్నాయి, రోబ్లే నోట్లో పాట లేదు. అది చెడు. నా అల్లుడు సమతర్ చచ్చిపోయాడు. పేరు లేని దిబ్బ కింద ఉన్నాడు. అది చావు. మూడూ నిజమే. అక్కడ బాగుందా, ఇక్కడ బాగుందా అని నన్నడక్కండి. వెళ్ళినవాడు పిల్లల ప్రాణం కోసం వెళ్ళాడు, వాణ్ణి తిట్టకండి. ఉన్నవాడు నేలమీద ప్రేమతో ఉన్నాడు, వాణ్ణి చూసి నవ్వకండి. ఉండమన్నవాడూ వెళ్ళమన్నవాడూ ఒకే పళ్ళెంలో తింటున్నారు. అడగాల్సింది వాళ్ళని! మూడు రోజులు తోడారే, బావి ఇంకిందా? నీళ్ళున్నాయర్రా! ఉన్న నీళ్ళకి కంచె వేసి మిమ్మల్ని సముద్రంలోకి తోలారు!"

ఉబా గొంతు చించుకుని ఏడ్చింది. ఏడుస్తూనే పిల్లని పక్కామెకిచ్చి, కాపలావాడి చేతిలోంచి తాడు లాక్కుంది.

"చెప్పకుండా ఉంటే బాగుండేదమ్మా" అంది, తాడు లాగుతూ.

"చెప్పకుండా ఉంటే ఇవాళ పడవెక్కేదానివి తల్లీ."

కాపలావాడు ఉబా పక్కన చేరి తాడు పట్టుకున్నాడు. జనం ముళ్ళకంచె పీకి పోగేశారు. ఆ సాయంత్రం షిర్వా పడవ ఖాళీగా వెళ్ళింది. బూరాలే ఏమయ్యాడో కథలో లేదు, నాకక్కర్లేదు. అంబరో మాత్రం కూతురు తోడిన నీళ్ళు మూడు గుక్కలు తాగి, బావి గట్టు మీదే కన్ను మూసింది.

తర్వాత కూడా కరువులొచ్చాయి. కొందరు వెళ్ళారు, కొందరు ఉన్నారు. ఉబా ఉంది. వెళ్ళేవాళ్ళ చేతికి తల్లి నేర్పిన కుండ అల్లి ఇచ్చేది. అడుగున ఒక్క ముడి వదులుగా ఉంచేది. కుండ చూసుకున్నప్పుడల్లా అబద్ధం పంపకూడదని గుర్తుండాలని.

ఇప్పటికీ అంతేనంటారు. సముద్రానికి ఏ ఒడ్డున ఉన్నా, ఎలా ఉన్నావని ఇంటివాళ్ళడిగితే ఊరికే బాగుందనరు. అంబరో చెప్పినట్టు చెబుతారు. ముందు మంచి, తర్వాత చెడు, తర్వాత చావు.

కడుపు నిండిన పెద్దమనిషి ఎవడైనా వచ్చి, మీ పిల్లలు కన్ననేలని వదిలి ఎందుకు పోతున్నారర్రా అని అడిగితే, వాళ్ళు నోరు విప్పరు. తిరిగి తిట్టరు కూడా. తెల్లారేసరికి వాడి గుమ్మం ముందు అడుగు లేని కుండ ఒకటి ఉంటుంది.

ముందు అది నింపాలి. తర్వాతే జవాబు.