ముళ్ళపంది ఇంటి ముప్పై రకాలు

అనగనగా ఒక అడవిలో, పెళ్ళి విందుకు వెళ్ళిన జంతువులన్నీ ఇంటికొచ్చి మళ్ళీ పొయ్యి వెలిగించుకునేవి. అక్కడ విందులు అంత గొప్పగా జరిగేవి మరి. ఎవరింట్లో ఎన్ని రకాలు వడ్డించారో లెక్కపెట్టుకోవడంతోనే అందరికీ సరిపోయేది. కడుపు నిండిందా అని అడిగే తీరిక ఎవరికీ ఉండేది కాదు.

ఆ అడవిలో సూదయ్య అనే ముళ్ళపంది ఉండేవాడు. ఆయన భార్య పేరు దబ్బనమ్మ. వాళ్ళకు ఒక్కడే కొడుకు, గుండుసూది. వాగు అవతల ఉండే ఈటెయ్యగారి అమ్మాయితో గుండుసూది పెళ్ళి చక్కగా జరిగిపోయింది. ఇక రిసెప్షన్ సూదయ్య ఇవ్వాలి. వాగు అవతలి నుంచి వియ్యాలవారు బలగంతో సహా వస్తారు. వాగు ఇవతలి వాళ్ళు పిలిస్తే వస్తారు, పిలవకపోతే ఎందుకు పిలవలేదో కనుక్కుందామని వస్తారు.

సూదయ్య దగ్గర ఉన్నదల్లా ఇంటి వెనక గోతిలో దాచిన సరుకు. కాసిని దుంపలు, కొంచెం తేనె, ఎండబెట్టిన పళ్ళు, బియ్యం, కందులు. వానాకాలమంతా ఇంటిల్లిపాదీ దానిమీదే బతకాలి.

"ఏమండీ, పప్పు, అన్నం, ఒక కూర, పులుసు, మజ్జిగ. అంతే చేద్దాం. వచ్చినవాళ్ళు కడుపునిండా తింటారు. వానాకాలానికి మనకూ నాలుగు గింజలు మిగులుతాయి," అంది దబ్బనమ్మ.

సూదయ్యకు ఒళ్ళంతా ముళ్ళు గుచ్చుకున్నట్టయింది. ముళ్ళపందికి కూడా అలా అవుతుందా అంటే, పరువు విషయంలో అవుతుంది. పోయిన ఏడాది ఎలుగుబంటి తన కూతురి రిసెప్షన్‌లో ఇరవై రకాలు పెట్టాడు. తను పప్పన్నం పెడితే వియ్యంకుడి ముందు తలెత్తుకునేదెలా అని సూదయ్య బాధ. నిజానికి ఆ ఎలుగుబంటి ఇంటి విందుకు సూదయ్య కూడా వెళ్ళాడు. ఇరవై రకాలూ తిన్నాడు. ఇంటికొచ్చి చద్దన్నం కూడా తిన్నాడు. మొదటిది బాగా గుర్తుపెట్టుకుని రెండోది మర్చిపోయాడు.

సరిగ్గా ఆ సమయానికి ఉడుము వచ్చాడు. ఉడుము ఆ అడవిలో పేరుమోసిన క్యాటరింగ్ కాంట్రాక్టరు. ఎవరింట్లో పెళ్ళి కుదిరినా చుట్టాలకంటే ముందు ఆయనే వచ్చి పలకరించేవాడు. పలకరిస్తే మరి వదిలేవాడు కాదు.

"మీ స్థాయికి ముప్పై రకాలైనా లేకపోతే బాగుండదు సూదయ్యగారూ," అన్నాడు ఉడుము.

ఉన్న సరుకు చాలదేమోనని సూదయ్య నసిగాడు. ఉడుము తేలిగ్గా నవ్వేశాడు. రకానికి చిటికెడు చొప్పున వడ్డిస్తే చాలన్నాడు. జనం ఎన్ని రకాలో చూస్తారు గానీ ఎంతెంతో ఎవరూ చూడరని ధైర్యం చెప్పాడు.

"మరి పప్పు, అన్నం?" అని అడిగాడు సూదయ్య.

ఉడుము ఆయనవైపు జాలిగా చూశాడు. "ఈ రోజుల్లో అన్నం ఎవరు పెడుతున్నారండీ? అన్నం పెడితే కడుపు నిండిపోతుంది. కడుపు నిండినవాడు మన ముప్పై రకాలవైపు చూస్తాడా?"

ఇంత తెలివైన మాట సూదయ్య పుట్టి బుద్ధెరిగాక వినలేదు. వెంటనే ఒప్పేసుకున్నాడు. దుంపలు, తేనె, పళ్ళు అన్నీ ఉడుముకు అప్పగించాడు. వాటిలో సగం వంటకి, సగం ఉడుము కష్టానికి. బియ్యం, కందులు మాత్రం ఉడుము ముట్టుకోలేదు. వాటితో ఎవరికి పేరొచ్చింది కనక?

ఉడుము పొదుపు కూడా నేర్పాడు. వడ్డనకు ఉడుతలను పెట్టాడు, వాటి పిడికిళ్ళు చిన్నవి కాబట్టి. విస్తళ్ళ బదులు ఒంటి మోదుగాకులు తెప్పించాడు, చిటికెడు వేసినా నిండుగా కనిపిస్తుంది కాబట్టి. ఇక మూడోది అన్నిటికంటే గొప్పది. ఉడుతలు "ఇంకొంచెం వెయ్యమంటారా?" అని అందరినీ అడగాలి, కానీ నడక ఆపకూడదు. అడగడం మర్యాద, ఆగడం దుబారా అని ఉడుము సిద్ధాంతం.

దబ్బనమ్మ ఇదంతా చూసింది. అంట్లు తోమడానికి నీటికుక్కలను పిలిచారు కదా, వాళ్ళకైనా నాలుగు మెతుకులు వండుతానని గోతిలోంచి కొంత బియ్యం, కొన్ని కందులు తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. సూదయ్య అడ్డు చెప్పలేదు. తోమేవాళ్ళు ఏం తింటే ఎవరు చూడొచ్చారు?

రిసెప్షన్ రోజు రానే వచ్చింది. సాయంత్రం పందిరంతా నిండిపోయింది. మొదటి బంతిలో ఈటెయ్యగారు, ఆయన చుట్టాలు, ఏనుగుగారు, దుప్పులు, కుందేళ్ళు కూర్చున్నారు. వాళ్ళ వీపుల వెనకే రెండో బంతివాళ్ళు నిలబడి, ముందువాళ్ళు ఎప్పుడు లేస్తారా అని ఆకుల్లోకి తొంగిచూస్తున్నారు. పెళ్ళంటే ఎక్కడైనా అంతే కదా.

ఉడుతలు వరసగా వచ్చాయి. కంద వేపుడు, వెదురుకొమ్ముల కూర, పుట్టగొడుగుల మంచూరియా, రేగుపళ్ళ హల్వా, ఇప్పపువ్వు పాయసం ఒక చుక్క. ఒక్కొక్కటీ ఆకు మీద పడుతుంటే సూదయ్య ఛాతీ ఒక్కో అంగుళం పెరిగింది. ముప్పయ్యోది పడేసరికి ఎలుగుబంటి ఎక్కడున్నాడా అని పందిరంతా వెతికాడు. ఎలుగుబంటి వెనక వరసలో ఆవలిస్తూ కనిపించాడు.

వడ్డన అయిపోయింది. ఇక అందరూ తిని లేస్తారని సూదయ్య ఎదురుచూశాడు.

ఎవరూ లేవలేదు. లేవకపోగా ఎవరూ తినడం కూడా లేదు. ఆ ముప్పై రకాలనూ జాగ్రత్తగా ఆకు అంచులకు జరిపి, మధ్యలో చోటు ఉంచి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

సూదయ్యకు ఏమీ అర్థంకాలేదు. వియ్యంకుడి దగ్గరికి వెళ్ళి వంగి, "మొహమాటపడకండి బావగారూ, కానివ్వండి," అన్నాడు.

"పర్లేదు బావగారూ, మాకేం తొందర లేదు. అన్నం రానివ్వండి," అన్నాడు ఈటెయ్య ఎంతో మర్యాదగా.

పక్కనే ఉన్న ఏనుగుగారు, అన్నంతోపాటు నెయ్యి కూడా తెప్పించమన్నారు. అటుపక్క నుంచి ఒక ముసలి కుందేలు, తనకు పళ్ళు లేవు కాబట్టి కాస్త మెత్తటి అన్నం చూసి వెయ్యమంది. వెనక నిలబడ్డవాళ్ళకు కాళ్ళు పీకుతున్నాయి, గొణుగుడు మొదలైంది. విందు అయిపోయిందని చెబితే పరువు పోతుంది. చెప్పకపోతే వీళ్ళు తెల్లారినా లేవరు.

సూదయ్య ఉడుము కోసం పరిగెత్తాడు. ఉడుము తన వాటా మూటలు కట్టుకుంటున్నాడు. ఒప్పుకున్నవి ముప్పై రకాలనీ, ముప్పయ్యీ పెట్టాననీ, అందులో అన్నం లేదనీ చెప్పి మూట భుజానికెత్తుకున్నాడు. పట్టుకుంటే వదలనివాడు ఆ రోజు ఎంత సులువుగా వదిలేశాడో చూడండి.

సూదయ్యకు ఏడుపొచ్చింది. కొడుకు రిసెప్షన్‌లో వియ్యంకుడు అన్నం లేని ఆకు ముందు కూర్చున్నాడు. ఇంతకంటే తలవంపులు ఏముంటాయి?

అప్పుడే పెరట్లోంచి బ్రేవుమని ఒక తేన్పు వినిపించింది. ఆ సాయంత్రం మొత్తానికి అదే మొదటి తేన్పు. సూదయ్య వెళ్ళి చూస్తే, నీటికుక్కలు గుండిగ చుట్టూ కూర్చుని వేడివేడి పప్పన్నం తిని చేతులు నాకుతున్నారు. గుండిగలో ఇంకా సగం పైనే ఉంది. దబ్బనమ్మకు చెయ్యి పెద్దది. కొంచెం వండటం ఆమెకు పుట్టినప్పటినుంచీ చేతకాదు.

సూదయ్య తల దించుకుని నిలబడ్డాడు. "వియ్యంకుడు అన్నం కోసం కూర్చున్నాడే," అన్నాడు మెల్లగా.

దబ్బనమ్మ అనదలుచుకుంటే చాలా అనొచ్చు. ఆ హక్కు ఆమెకుంది. కానీ కొంగు బిగించి, "ఎంతమంది?" అని మాత్రం అడిగింది.

"అందరూ."

ఆమె ఇంకో గుండిగ పొయ్యి మీదికెక్కించి, గోతిలో మిగిలిన బియ్యం, కందులు మొత్తం తెమ్మంది. సూదయ్య తటపటాయించాడు. "మరి వానాకాలం?"

"వానాకాలం ఇంకా రాలేదు. వియ్యాలవారు వచ్చేశారు," అంది దబ్బనమ్మ.

నీటికుక్కలు చేతులు కడుక్కుని గుండిగ ఎత్తుకున్నారు. వాళ్ళ చేతులు పెద్దవి, పైగా అడిగిన చోట ఆగడం కూడా వాళ్ళకు తెలుసు. ఆకుల మధ్య ఉంచిన చోట్లో అన్నం పడింది, దానిమీద పప్పు పడింది. అంతవరకూ ఉన్న గొణుగుడు ఆగిపోయి, జుర్రుకునే చప్పుడు మొదలైంది. బంతి తరవాత బంతి లేచింది. ఏనుగుగారు నెయ్యి సంగతే మర్చిపోయి మూడుసార్లు వేయించుకున్నారు. చివరికి గుండిగ అడుగున మాడు మిగిలింది. అది సూదయ్య వంతుకొచ్చింది.

ఆయన మాడు గీక్కుంటూ ఉండగా ఈటెయ్య చెయ్యి కడుక్కుని వచ్చాడు.

"తృప్తిగా భోంచేశాం బావగారూ. మా అమ్మాయి మంచి ఇంట్లోనే పడింది," అన్నాడు. తరవాత కాస్త దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు. "ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. అన్నం వేసే ముందు ఏవో నంజుకునేవి చాలాసేపు తిప్పారు. అవి దేనికి?"

సూదయ్య నోట్లో మాడు ఉంది కాబట్టి జవాబు చెప్పే అవసరం తప్పింది.

ఆ వానాకాలం సూదయ్య రోజూ బురదలో తడుస్తూ దుంపలు తవ్వుకున్నాడు. ఉడుము తన పుట్టలో వెచ్చగా కూర్చుని సూదయ్య తేనె నాక్కున్నాడు. అడవిలో అందరూ సూదయ్య ఇంటి పప్పన్నం గురించే చెప్పుకున్నారు. ముప్పై రకాల మాట ఒక్కరు కూడా ఎత్తలేదు.

మరుసటి ఏడాది గుండుసూదికి కూతురు పుట్టింది. బారసాల అని తెలియగానే ఉడుము వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. ఈసారి నలభై రకాలైతే మీ స్థాయికి బాగుంటుందన్నాడు.

సూదయ్య ఒంటిమీద ముళ్ళన్నీ ఒక్కసారిగా లేచి నిలబడ్డాయి.

"అన్నం వండేది మా ఆవిడ, వడ్డించేది నీటికుక్కలు. నువ్వొచ్చి బంతిలో కూర్చుని తిని వెళ్ళు," అన్నాడు.

నీతి: నలుగురూ చూడాలని వండితే, ఆ నలుగురూ ఆకలితోనే చూస్తారు, ఉన్నదాంట్లో కడుపునిండా పెట్టిందే విందు.